కంటి వ్యాయామాలతో సైటు తగ్గుతుందా? రోజూ ఏం చేయాలి, ఏం చేయకూడదు

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీకు 34 ఏళ్ళు, కొండాపూర్‌లో ఉంటారు, ఐటీ ఉద్యోగం. రెండు కళ్ళకూ మైనస్ 2.25 సైటు. సాయంత్రమయ్యేసరికి కళ్ళు మండుతున్నాయి, లాగుతున్నాయి, నుదురు నొప్పి వస్తోంది. మూడు నెలల్లో అద్దాలు తీసి పక్కన పెట్టేయొచ్చని ఒక వీడియోలో విని, అందులో చూపించిన వ్యాయామాలు మొదలుపెట్టారు. చేస్తుంటే హాయిగా ఉంది. ఈలోగా తొమ్మిదేళ్ళ మీ పాపకు మైనస్ 1 ఉందని తెలిసింది. అద్దాలు కొనకుండా పాపతో కూడా ఇవే చేయించవచ్చా అని అడిగారు. షుగర్ ఉన్న మీ అత్తగారు కూడా మీతో పాటు కూర్చుని చేస్తున్నారని రాశారు.

నేను ఆప్టోమెట్రిస్టుని. చాలా ఏళ్ళుగా హైదరాబాద్‌లోనే కంటి పరీక్షలు చేస్తున్నాను. ఈ ప్రశ్న నన్ను వారానికి ఒకరైనా అడుగుతారు. అడిగేవాళ్ళందరిదీ న్యాయమైన కోరికే, అద్దాలు లేకుండా చూడాలని ఎవరికి ఉండదు? కాబట్టి సూటిగా చెబుతాను. మీ వ్యాయామాలు మానొద్దు, కొన్ని మార్పులతో కొనసాగించండి. వాటితో మీ మంట, లాగుడు, తలనొప్పి బాగా తగ్గే అవకాశం ఉంది. మైనస్ 2.25 మాత్రం తగ్గదు. పాపకు అద్దాలు ఈ వారమే చేయించండి. అత్తగారికి కావలసింది వ్యాయామం కాదు, కంటి వెనక పొర పరీక్ష. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తే ఏ వీడియో చూసినా ఏది నమ్మాలో మీకే అర్థమవుతుంది.

దూరంగా ఉన్న వస్తువును చూసేటప్పుడు కంటి లోపలి కండరం వదులుగా ఉంటుంది. దాన్ని సీలియరీ కండరం అంటాం. దగ్గరిది చూడగానే అది బిగుసుకుంటుంది. అప్పుడు లోపలి కటకాన్ని పట్టి ఉంచే సన్నని దారాలు వదులై, కటకం కాస్త గుండ్రంగా ఉబ్బుతుంది, దగ్గరి అక్షరం స్పష్టమవుతుంది. ఇది మనకు తెలియకుండానే క్షణంలో జరిగిపోతుంది. ఈ పనిని డయాప్టర్లలో కొలుస్తాం, మీ సైటు 2.25 కూడా ఆ కొలతలోనిదే. 40 సెంటీమీటర్ల దూరంలో ఫోన్ పట్టుకుంటే కన్ను 2.5 డయాప్టర్ల పని చేయాలి, 25 సెంటీమీటర్లకు తెచ్చుకుంటే 4 డయాప్టర్లు. ఆరు మీటర్లు, అంటే సుమారు 20 అడుగులు దాటితే ఆ పని దాదాపు సున్నా. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా స్క్రీన్ ముందు కూర్చోవడమంటే నిండు బిందెను చంకన పెట్టుకుని అన్ని గంటలూ కదలకుండా నిలబడటం లాంటిది. బరువు ఎక్కువేం కాదు, దించకపోవడమే సమస్య. విశ్రాంతి వ్యాయామాలు చేసే మేలంతా ఈ బిందెను అప్పుడప్పుడు దించడంలోనే ఉంది.

ఇక సైటు సంగతి. మైనస్ సైటు ఈ కండరం అలసిపోవడం వల్ల వచ్చింది కాదు. కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి ఉండాల్సిన దానికంటే పొడవు పెరగడం వల్ల వచ్చింది. పుట్టినప్పుడు బిడ్డ కన్ను 16, 17 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది, పెద్దయ్యేసరికి సుమారు 24 అవుతుంది. అది ఒక్క మిల్లీమీటరు ఎక్కువ సాగితే రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల మైనస్ వస్తుంది. మీ విషయంలో ఆ తేడా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. కానీ పెరిగిన కన్ను తిరిగి పొట్టిది కాదు, పెరిగిన ఎత్తు తగ్గనట్టే. కళ్ళు గుండ్రంగా తిప్పినా, అరచేతులతో కప్పినా ఆ పొడవు మారదు.

మరి ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికాలో విలియం బేట్స్ అనే కంటి డాక్టరు ఉండేవారు, 1860లో పుట్టి 1931లో చనిపోయారు. కన్ను ఫోకస్ చేసేది లోపలి కటకంతో కాదు, కనుగుడ్డు చుట్టూ ఉన్న బయటి కండరాలు గుడ్డును నొక్కి పొడవు మార్చడం వల్లనే అని ఆయన వాదన. సైటుకు కారణం ఒత్తిడి, దాన్ని వదిలిస్తే చూపు దానంతటదే వస్తుందన్నారు. అరచేతులతో కళ్ళు కప్పుకోవడం, శరీరాన్ని మెల్లగా అటూ ఇటూ ఊపడం, ఎండకు ముఖం పెట్టడం, ఇవన్నీ ఆయన చెప్పినవే. మన దేశంలో పుదుచ్చేరి అరవిందాశ్రమంలో డాక్టర్ ఆర్.ఎస్. అగర్వాల్ ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చారు. తెలుగువాళ్ళు కూడా చాలామంది అక్కడికి వెళ్ళి నేర్చుకుని వచ్చారు. మనసు ప్రశాంతంగా ఉంచుకోవడం, కళ్ళను ఆడిస్తూ చూడటం, తరచూ రెప్ప వేయడం లాంటి మంచి అలవాట్లు అందులో ఉన్నాయి. ఆ మేరకు నాకు గౌరవమే. సిద్ధాంతం మాత్రం తప్పు.

తప్పని మీ ఇంట్లోనే చూడొచ్చు. శుక్లం ఆపరేషన్ అయిన పెద్దవాళ్ళను గమనించండి. కంటి బయటి కండరాలన్నీ ఎప్పట్లాగే ఉంటాయి, తీసేసింది లోపలి కటకం ఒక్కటే. దూరానికి సరిపడే మామూలు లెన్స్ పెట్టించుకున్నవాళ్ళకు పేపర్ చదవడానికి అద్దాలు కావలసిందే. ఇంకొకటి, కంటి ఆసుపత్రిలో కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తారు కదా. ఆ రెండు మూడు గంటలూ కళ్ళు ఎటు కావాలంటే అటు తిప్పగలరు, ఫోన్‌లో మెసేజ్ మాత్రం సరిగ్గా చదవలేరు. చుక్కలు బయటి కండరాలను ముట్టుకోలేదు, లోపలి కండరాన్ని మాత్రమే నిద్రపుచ్చాయి. ఫోకస్ చేసేది ఏదో దీనితో తేలిపోతుంది.

"కానీ వ్యాయామం చేశాక బోర్డులు నిజంగానే స్పష్టంగా కనిపిస్తున్నాయి" అని మీరు రాశారు. మీరు అబద్ధం చెప్పడం లేదు, అది నిజమైన అనుభవమే. దానికి కారణాలు నాలుగు దాకా ఉన్నాయి. కంటి ముందుభాగం మీద కన్నీటి పొర సాఫీగా ఉంటేనే చూపు తేటగా ఉంటుంది. వ్యాయామంలో కళ్ళు మూసి తెరవడంతో ఆ పొర సరిపడుతుంది, మసక తగ్గుతుంది. రెండోది, అద్దాలు తీసి కొన్ని రోజులు తిరిగితే మెదడు మసకకు అలవాటు పడి, ఉన్నదానిలోంచే ఎక్కువ గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. చార్టు మీద ఒక వరుస ఎక్కువ చదవగలుగుతారు, మిషన్‌లో నంబరు మాత్రం అదే చూపిస్తుంది. మూడోది, తెలియకుండానే కళ్ళు చికిలించి చూస్తాం. చిన్న సందులోంచి చూస్తే ఎవరికైనా స్పష్టత పెరుగుతుంది. కావాలంటే ఒక విజిటింగ్ కార్డుకు పిన్నుతో రంధ్రం చేసి, అద్దాలు తీసి అందులోంచి దూరపు బోర్డు చూడండి, ఆశ్చర్యపోతారు.

నాలుగోది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీని వల్లే కొందరికి నిజంగా నంబరు తగ్గినట్టు తేలుతుంది. గంటల తరబడి దగ్గర పని చేసిన కొందరిలో, ముఖ్యంగా పోటీ పరీక్షలకు చదివే పిల్లల్లో, లోపలి కండరం బిగిసిపోయి వెంటనే వదలదు. దూరం చూసినా అది దగ్గరి ఫోకస్‌లోనే ఉండిపోతుంది. అప్పుడు పరీక్ష చేస్తే లేని మైనస్ వస్తుంది, లేదా ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తుంది. అశోక్‌నగర్, అమీర్‌పేట వైపు హాస్టళ్ళలో ఉండి చదివేవాళ్ళు "నెలలోనే సైటు పెరిగింది సార్" అని వస్తే నాకు ముందు వచ్చే అనుమానం ఇదే. చుక్కలు వేసి కండరాన్ని పూర్తిగా వదులు చేసి చూస్తే అసలు నంబరు బయటపడుతుంది. ఇలాంటి వాళ్ళకు విశ్రాంతి, దూరం చూడటం బాగా పనిచేస్తాయి. తగ్గింది కండరం బిగువే, సైటు కాదు. వీళ్ళ అనుభవమే వీడియోల్లో "నాకు సైటు పోయింది" అన్న సాక్ష్యంగా తిరుగుతుంటుంది. మీ నంబరు ఎన్నో ఏళ్ళుగా మారలేదని రాశారు కాబట్టి మీది ఆ కోవకు చెందదు.

మీకు ఉపయోగపడే లెక్క ఒకటి చెబుతాను. మైనస్ 2.25 ఉన్న కంటికి అద్దాలు లేకుండా 44 సెంటీమీటర్ల దాకా స్పష్టంగా కనిపిస్తుంది. అంటే ఫోన్ చూసేటప్పుడు, పుస్తకం చదివేటప్పుడు అద్దాలు తీసేస్తే మీ లోపలి కండరం దాదాపు పనే చేయనక్కర్లేదు. "అద్దాలు తీస్తే కళ్ళు తేలికగా ఉన్నాయి" అని మీకు అనిపించింది అందుకే. రాత్రి పడుకునే ముందు కాసేపు అలా చదువుకుంటే తప్పేమీ లేదు. కానీ లాప్‌టాప్ మామూలుగా 55, 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అద్దాలు లేకుండా పని చేస్తే తెలియకుండానే ముందుకు వంగుతారు, మెడ పట్టేస్తుంది, దాని తలనొప్పి వేరే. అద్దాలు లేకుండా బండి నడపడం మాత్రం పూర్తిగా మానేయండి. రాత్రి పూట ఫ్లైఓవర్ మీద ఎదురు లైట్ల మధ్య మైనస్ 2.25 అంటే ముందున్న మనిషిని గుర్తుపట్టేది ఆలస్యంగానే. నేను దీన్ని సలహాగా అనడం లేదు, బతిమాలుతున్నాను.

ఇప్పుడు మీ మంట. దీనికే నేను ఎక్కువ సమయం ఇస్తాను, ఎందుకంటే బాగయ్యేది ఇదే.

మామూలుగా మనం నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప వేస్తాం. స్క్రీన్ మీద దృష్టి పెట్టగానే అది సగానికీ అంతకన్నా తక్కువకూ పడిపోతుంది. పైగా వేసే రెప్పలు కూడా సగమే పడతాయి, పై రెప్ప కింది రెప్పను తాకదు. కంటి కింది భాగం తడి లేకుండా ఆరిపోతుంది. పైన ఏసీ గాలి నేరుగా ముఖానికి తగిలితే ఇంకా త్వరగా ఆరుతుంది. సాయంత్రం ఇసుక పడ్డట్టు గుచ్చుకోవడం, మంట, ఒక్కోసారి అదే పనిగా నీళ్ళు కారడం, అన్నీ దీనివే. కళ్ళు పొడిబారితే నీళ్ళెందుకు కారతాయని చాలామంది అడుగుతారు. కన్ను ఎండి చిరాకు పడినప్పుడు దాన్ని కడగడానికి ఒక్కసారిగా నీళ్ళు వస్తాయి. అవి నిలవవు, చెంప మీదికి జారిపోతాయి.

అందుకే రెప్ప వ్యాయామం నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది, వీడియోల్లో తక్కువగా కనిపించేది కూడా ఇదే. కళ్ళు మెల్లగా పూర్తిగా మూయండి, రెండు సెకన్లు ఆగండి. తెరవండి. మళ్ళీ మూసి రెండు సెకన్లు ఆగి, ఈసారి రెప్పలను కొంచెం గట్టిగా బిగించి రెండు సెకన్లు ఉంచండి, తెరవండి. ఇలా పది సార్లు. నిమిషంన్నర కూడా పట్టదు. రెండు గంటలకొకసారి చేస్తే చాలు. చూపుడు వేళ్ళను కళ్ళ బయటి మూలల దగ్గర ఊరికే ఆనించి చూస్తే మీ రెప్ప పూర్తిగా పడుతోందో లేదో తెలుస్తుంది. రెప్పల లోపల చిన్న నూనె గ్రంథులు వరసగా ఉంటాయి. బిగించినప్పుడు వాటిలోని నూనె బయటికి వచ్చి కన్నీటి మీద పల్చటి పొరగా పరుచుకుంటుంది, నీరు త్వరగా ఆవిరి కాకుండా కాపాడుతుంది. ఇలా చేయగా చేయగా కొన్ని వారాల్లో పూర్తి రెప్ప వేయడం అలవాటుగా మారుతుంది.

దీనికి తోడు పొద్దున స్నానానికి ముందో రాత్రి పడుకునే ముందో వేడి కాపడం పెట్టుకోండి. శుభ్రమైన చేతిరుమాలు వేడినీళ్ళలో ముంచి పిండి, మణికట్టు లోపలి వైపు తాకించి చూడండి. అక్కడ ఓర్చుకోగలిగినంత వేడి చాలు. మూసిన కళ్ళ మీద ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి, చల్లారితే మళ్ళీ ముంచండి. తర్వాత పై రెప్పను పై నుంచి కిందికి, కింది రెప్పను కింది నుంచి పైకి వేలి కొనతో మెల్లగా నిమరండి, గుడ్డు మీద ఒత్తిడి పడకూడదు. గడ్డకట్టిన నూనె కరిగి కదులుతుంది. తరచూ కంటికురుపులు వచ్చేవాళ్ళకు కూడా ఇది మేలు చేస్తుంది.

20-20-20 గురించి మీకు తెలిసే ఉంటుంది. ప్రతి 20 నిమిషాలకూ 20 అడుగుల అవతలి వస్తువును 20 సెకన్లు చూడటం. అందరికీ తెలుసు, ఎవరూ చేయరు. చేసేవాళ్ళు కూడా స్క్రీన్ మీంచి తల తిప్పి ఫోన్ చూస్తారు, అది విశ్రాంతి కాదు. మీ సీటు కిటికీ దగ్గరైతే అదృష్టం, దుర్గం చెరువు వైపో ఎదురు టవర్ల మీదికో చూపు పారించండి. లేకపోతే ఫ్లోర్ చివరి గోడ గడియారమో బయటికి దారి చూపే బోర్డో చాలు. చూస్తున్నంతసేపూ నాలుగైదు సార్లు నిండుగా రెప్ప వేయండి. మీటింగుల మధ్య అలారం చిరాకనిపిస్తే, కాల్‌లో మీరు మాట్లాడాల్సిన పని లేనప్పుడల్లా లేచి నిలబడి దూరం చూడటం అలవాటు చేసుకోండి. నా దగ్గరికి వచ్చే ఐటీ ఉద్యోగుల్లో ఇలా పనికి ముడిపెట్టుకున్నవాళ్ళే కొనసాగించారు.

అరచేతులతో కళ్ళు కప్పుకోవడం మీకు బాగా నచ్చిందన్నారు. హాయిగా చేసుకోండి. చేతులు రుద్ది వెచ్చగా చేసుకుని, మోచేతులు టేబుల్ మీద ఆనించి, అరచేతుల గుంటలు కళ్ళ మీదికి వచ్చేలా కప్పండి. చేతులు గుడ్డును తాకకూడదు, ముక్కు మూసుకోకూడదు. రెండు మూడు నిమిషాలు మెల్లగా ఊపిరి తీసి వదులుతూ ఉండండి. చీకటి, వెచ్చదనం, మూసిన రెప్పలు, నెమ్మది శ్వాస, ఈ నాలుగూ కలిసి కంటితో పాటు నుదుటి కండరాలను కూడా వదులు చేస్తాయి. మధ్యాహ్నం భోజనం తర్వాత చేస్తే టెన్షన్ తలనొప్పి ఉన్నవాళ్ళకు తేడా బాగా తెలుస్తుంది.

దగ్గర-దూరం మార్చి చూడటం కూడా మంచిదే. బొటనవేలిని ముఖానికి ఒక జానెడు దూరంలో పెట్టి గోరును స్పష్టంగా చూసి, తర్వాత దూరపు వస్తువును చూడటం, పది సార్లు. కళ్ళు పైకి, కిందికి, పక్కలకు, గుండ్రంగా తిప్పడం వల్ల హాని లేదు, పెద్ద లాభమూ లేదు. బయటి కండరాలు రోజంతా ఎలాగూ పని చేస్తూనే ఉంటాయి. చేస్తే నెమ్మదిగా చేయండి, తల తిరిగితే ఆపేయండి. ఈ మధ్య కంటి ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరును అడిగే చేయాలి.

స్క్రీన్ ఎత్తు మీరు పట్టించుకోలేదనిపిస్తోంది. స్క్రీన్ పై అంచు కంటి ఎత్తుకు గానీ కొంచెం కిందికి గానీ ఉండాలి. చూపు కిందికి ఉంటే రెప్ప కంటిని ఎక్కువ కప్పుతుంది, తక్కువగా ఆరుతుంది. ఏసీ గాలి ముఖానికి రాకుండా రెక్క తిప్పించండి, లేదా సీటు మార్చుకోండి. ఇంట్లో ఫ్యాన్ కింద పడుకుని చీకట్లో ఫోన్ చూడటం కళ్ళకు రెండు విధాలా బరువే.

ఇక వీడియోలో ఉన్నవాటిలో మానేయాల్సినవి. ఎండను చూసే వ్యాయామం మొదటిది. కళ్ళు మూసుకుని పొద్దుటి ఎండలో కాసేపు కూర్చుంటే వెచ్చగా, హాయిగా ఉంటుంది, అంతవరకే. కళ్ళు తెరిచి సూర్యుణ్ణి చూడటం, ఉదయం అయినా సాయంత్రం అయినా, వద్దే వద్దు. కంటి వెనక పొర మధ్యభాగం కాలిపోవచ్చు. ఆ పొరకు నొప్పి తెలియదు కాబట్టి జరుగుతున్నప్పుడు మీకు తెలియదు. తర్వాత చూపు మధ్యలో మచ్చ మిగిలిపోవచ్చు.

త్రాటకం గురించి అడిగారు. హఠయోగంలో చెప్పిన ఆరు శుద్ధి క్రియల్లో అదొకటి. దాని ప్రధాన ఉద్దేశం మనసు నిలపడం. రెప్ప వేయకుండా నీళ్ళు వచ్చేదాకా దీపాన్ని చూడమంటారు. పొడి కళ్ళున్న మీకు అది పనికిరాదు, రోజంతా రెప్ప వేయకపోవడమే మీ జబ్బు. ధ్యానం కోసం చేయాలనుకుంటే దీపం ముందు కూర్చోండి, రెప్ప వేస్తూనే చూడండి.

కంట్లో తేనె, ఆముదం, రోజ్ వాటర్, ఉల్లిరసం, ఆకు పసర్లు వేయొద్దు. అవి సూక్ష్మక్రిములు లేనివని హామీ లేదు. నల్లగుడ్డు మీద పుండు పడి, మానాక పువ్వు మిగిలిపోయినవాళ్ళను నేను చూశాను. అలాగే కళ్ళు నొక్కడం, గట్టిగా రుద్దడం. మన ఊళ్ళో దుమ్ము అలర్జీతో కళ్ళు దురదపెట్టే పిల్లలు చాలామంది. రుద్ది రుద్ది నల్లగుడ్డు పల్చబడి కోన్ ఆకారంలోకి వచ్చే జబ్బుకు అది దారి తీస్తుంది. దురద ఉంటే చల్లటి తడిగుడ్డ పెట్టండి, డాక్టరు దగ్గర చుక్కలు రాయించుకోండి.

పాప విషయానికి వస్తాను. మైనస్ 1 అంటే ఒక మీటరు దాటితే మసక. క్లాసులో బోర్డు ఆమెకు కనిపించడం లేదు, చెప్పలేకపోతోంది అంతే. అద్దాలు పెడితే సైటు పెరుగుతుందన్న భయం చాలా ఇళ్ళల్లో ఉంది. మలేషియాలో చేసి 2002లో ప్రచురించిన పరిశోధనలో కొందరు పిల్లలకు పూర్తి నంబరు, కొందరికి కావాలని తక్కువ నంబరు ఇచ్చి చూశారు. తక్కువ ఇచ్చిన పిల్లలకే సైటు వేగంగా పెరిగింది. కాబట్టి సరైన నంబరు ఇప్పించండి, పెట్టుకోనివ్వండి.

వ్యాయామాలు పిల్లల సైటును ఆపుతాయా అన్నదానికి చైనా చాలా పెద్ద ఉదాహరణ. అక్కడ 1963 నుంచి బడుల్లో పాటతో పాటు కళ్ళ చుట్టూ మర్దనా చేసే వ్యాయామాలు చేయిస్తున్నారు. తరాలు మారాయి, వ్యాయామం ఆగలేదు. 2018లో అక్కడి ప్రభుత్వం లెక్క తీస్తే పిల్లలు, యువతలో 53.6 శాతం మందికి మైనస్ సైటు ఉంది. అదే తైవాన్ 2010 నుంచి ఇంకో దారి పట్టింది. బడి పిల్లలను రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉంచే కార్యక్రమం పెట్టింది. పిల్లల్లో చూపు తగ్గడం ఏడాదికేడాది పెరుగుతూ వచ్చింది కాస్తా, ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. చెట్టు నీడలో ఉన్నా బయటి వెలుగు వేల లక్సుల్లో (లక్స్ అంటే వెలుగు కొలత) ఉంటుంది, మన ఇళ్ళ లోపల కొన్ని వందలే. ఆ వెలుగుకు కంటి వెనక పొరలో డోపమైన్ అనే రసాయనం విడుదలై కన్ను పొడవు పెరగడాన్ని నెమ్మదింపజేస్తుందని పరిశోధకులు భావిస్తున్నారు. ఆరుబయట ఉండటం సైటు రాకుండా చూడటంలో ఎక్కువ, వచ్చాక పెరగకుండా ఆపడంలో కొంత తక్కువ పనిచేస్తుంది. అయినా పాపకు ఇంతకంటే మంచి కంటి వ్యాయామం లేదు.

మీ ఇంటి దగ్గరే కొత్తగూడ బొటానికల్ గార్డెన్ ఉంది. ఆదివారాలు అక్కడికి తీసుకెళ్ళండి. మామూలు రోజుల్లో బడి నుంచి రాగానే ట్యూషన్‌కు ముందు గంటసేపు అపార్టుమెంటు కింద ఆడుకోనివ్వండి, బడిలో ఆటల పీరియడ్ జరుగుతోందో లేదో కనుక్కోండి. మొత్తం రెండు గంటలు కావాలి. వేసవిలో మధ్యాహ్నం వద్దు, పొద్దున ఎనిమిదిన్నర లోపు, సాయంత్రం ఐదు తర్వాత. టోపీ పెట్టుకున్నా నీడలో ఆడినా ఫలితం పోదు. పుస్తకమైనా ఫోనైనా మోచేతి నుంచి పిడికిలి దాకా ఉన్నంత దూరంలో ఉండాలి, పడుకుని చదవకూడదు. ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించండి. నంబరు వేగంగా పెరుగుతుంటే తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు, సైటు పెరుగుదలను తగ్గించే ప్రత్యేకమైన అద్దాలు ఉన్నాయి. అవి పిల్లల కంటి డాక్టరు చూసి నిర్ణయించాల్సినవి, మందుల షాపులో అడిగి కొనేవి కావు.

మీ అత్తగారు అరచేతులు కప్పుకుని కూర్చోవడంలో తప్పేమీ లేదు. భయమల్లా, హాయిగా ఉంది కదా అని పరీక్ష వాయిదా వేస్తారని. షుగర్ వల్ల కంటి వెనక పొరలో రక్తనాళాలు దెబ్బతిన్నా చాలాకాలం చూపు బాగానే ఉంటుంది. తగ్గాక వచ్చేవాళ్ళకు చేయగలిగింది తక్కువ. అందుకే షుగర్ ఉన్నవాళ్ళకు ఏడాదికొకసారి చుక్కలు వేసి పొర పరీక్ష తప్పనిసరి. నీటికాసులు (గ్లకోమా) కూడా అంతే, నొప్పి లేకుండా పక్క చూపును తినేస్తుంది. ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్‌తో పాటు మూడు గ్రామీణ ప్రాంతాల్లో పది వేల మందికి పైగా పరీక్షించింది. నీటికాసులు ఉన్నట్టు తేలినవాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు. సరైన అద్దాలు లేకపోవడం వల్లనే సరిగా కనిపించనివాళ్ళు కూడా అప్పుడు పెద్ద సంఖ్యలో బయటపడ్డారు. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు పథకం మొదలుపెట్టి ఊరూరా పరీక్షలు చేసి అద్దాలు పంచింది కూడా ఇలాంటివాళ్ళ కోసమే.

ఇంట్లో ఎవరైనా శీర్షాసనం వేస్తుంటే ఒక మాట. తలకిందులుగా ఉన్నంతసేపూ కంటి లోపలి ఒత్తిడి రెట్టింపు దాకా పెరుగుతుంది. నీటికాసులు ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా ఉన్నవాళ్ళు ఆ ఆసనం జోలికి పోకూడదు.

వ్యాయామమే చికిత్స అయిన సందర్భం లేకపోలేదు. దగ్గరిది చూసేటప్పుడు రెండు కళ్ళూ కలిసి ముక్కు వైపు తిరగాలి. కొందరిలో అది సరిగ్గా జరగదు. కాసేపు చదవగానే అక్షరాలు రెండుగా కనిపిస్తాయి, వరుసలు కదులుతాయి, తలనొప్పి వస్తుంది. వీళ్ళకు శిక్షణ నిజంగా పనిచేస్తుంది. ఇంట్లో పెన్సిల్ కొనను ముక్కు దగ్గరికి తెచ్చుకోవడం కంటే, క్లినిక్‌లో నిపుణుల దగ్గర వారం వారం చేసే శిక్షణ మెరుగైన ఫలితాలిచ్చిందని 2008లో వచ్చిన అమెరికా అధ్యయనంలో తేలింది. మీ తలనొప్పిలో దీని పాత్ర ఉందేమో పరీక్షలో అడిగి చూపించుకోండి.

మీరు నలభై దాటాక దగ్గరి అక్షరాలు కష్టమైతే అది చత్వారం, కటకం గట్టిపడటం వల్ల అందరికీ వచ్చేది. దాన్నీ వ్యాయామం ఆపదు.

ఒక్కసారిగా మెరుపులు కనిపించినా, నల్లచుక్కలు గుంపుగా వచ్చినా, ఒక పక్క నుంచి తెర పడ్డట్టున్నా, ఒక కన్ను హఠాత్తుగా మసకబారినా, ఎర్రబడి తీవ్రంగా నొప్పి పెట్టినా ఏ వ్యాయామం చేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. మైనస్ సైటు ఉన్నవాళ్ళలో కంటి వెనక పొర ఊడే అవకాశం మామూలు వాళ్ళకంటే ఎక్కువ.

మీ ముగ్గురూ ఒకేసారి చూపించుకుంటే మంచిది. బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ ఉంది, మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. మీకు నమ్మకమున్న కంటి డాక్టరు దగ్గరలో ఉంటే అక్కడైనా సరే. పాత చీటీలు, ఇప్పుడు వాడుతున్న అద్దాలు, అత్తగారి షుగర్ రిపోర్టులు తీసుకెళ్ళండి. పాపకు చుక్కలు వేసి పరీక్ష చేయమని అడగండి, ఆ తర్వాత ఆమెకు వెలుగు గుచ్చుకుంటుంది కాబట్టి మరుసటి రోజు బడిలో పరీక్షలు లేకుండా చూసుకోండి. మీకూ చుక్కలు వేస్తే ఇంటికి బండి మీరు నడపకండి, ఎవరినైనా వెంట తీసుకెళ్ళండి.